దూలం వంపుని చదివిన మనిషి

ఎం బై ఐ ఈక్వల్ టు సిగ్మా బై వై ఈక్వల్ టు ఈ బై ఆర్. సివిల్, మెకానికల్ వాళ్లలో ఈ లైను నోటికి రానివాళ్లు ఉండరు. సెకండ్ ఇయర్‌లో డెరివేషన్‌గా రాస్తాం, వైవాలో అప్పజెప్తాం, గేట్‌కి మళ్లీ బట్టీ పడతాం. ఆ తర్వాత దాని సంగతే మర్చిపోతాం. ఓమ్ సూత్రానికి ఓమ్ పేరుంది, హుక్ సూత్రానికి హుక్ పేరుంది. ఈ లైనుకి మాత్రం మన పుస్తకాల్లో బెండింగ్ ఈక్వేషన్ అన్న పేరే తప్ప మనిషి పేరు పెద్దగా కనపడదు.

ఆ మనిషి క్లాడ్ లూయీ నేవియర్. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మనల్ని భయపెట్టే నేవియర్-స్టోక్స్ ఈక్వేషన్స్‌లోని నేవియర్ కూడా ఈయనే. ఫ్రెంచివాళ్లు నావియే అంటారు. మనకి అలవాటైన పేరుతోనే పిలుచుకుందాం. ఆయన బతికింది 51 ఏళ్లు. ఒక తప్పు లెక్కని దిద్దుకుని పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఒక వంతెన కట్టి, అది తెరుచుకోకముందే పోగొట్టుకున్నాడు. ఈ రెండూ జరిగింది దాదాపు ఒకే కాలంలో.

కనపడేది ఒకటి, విరిచేది ఇంకొకటి

ఆయన కథకి ముందు ఆయన పట్టుకున్న చిక్కేమిటో చూద్దాం. దానికి ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు, మన వేములవాడ చుట్టుపక్కలే చాలు.

సిరిసిల్లలో బీము అంటే ముందు గుర్తొచ్చేది సాంచా మీద పడుగు చుట్టిన రోలు. మన క్లాసులో బీమ్ అంటే దూలం. పాత పెంకుటిళ్లు కట్టిన వడ్రంగులకి మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అనే మాట తెలియదు. అయినా దూలాన్ని పడుకోబెట్టి వేయలేదు, ఎత్తువైపు నిలబెట్టే వేశారు. అలా వేస్తే తక్కువ వంగుతుందని చేతికి తెలుసు. గుళ్లలోని పాత రాతి మండపాలు చూడండి. స్తంభాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. రాతి దూలాన్ని ఎక్కువ దూరం పరిస్తే అది చెప్పాపెట్టకుండా పగిలిపోతుందని శిల్పులకి తెలుసు.

ఇప్పుడు కావడిబద్దని తలుచుకోండి. రెండు చివరలా నీళ్ల కుండలు వేలాడుతుంటే జానెడు వంగి, అడుగు వేసినప్పుడల్లా ఊగుతుంది. విరగదు. రాతి దూలం విరిగే ముందు కూడా కంటికి ఆనేంత వంగదు. అంటే బాగా వంగింది కాబట్టి ప్రమాదం అనలేం, వంగలేదు కాబట్టి క్షేమం అని కూడా అనలేం. వంపు, అంటే డిఫ్లెక్షన్, కంటికి కనపడుతుంది, స్కేలు పెట్టి కొలవచ్చు. దూలాన్ని విరగ్గొట్టేది మాత్రం లోపలి పోగుల్లో పుట్టే స్ట్రెస్. మన తెలుగు మీడియం పుస్తకాల్లో ప్రతిబలం అని చదువుకున్నామే, అది. అది కనపడదు. కనపడే దాన్నించి కనపడని దాన్ని లెక్కగట్టడం ఎలా? ఇదీ చిక్కు.

తాతగారి ఇంట్లో

నేవియర్ 1785 ఫిబ్రవరి 10న ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో పుట్టాడు. తండ్రి లాయరు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో చట్టసభ సభ్యుడిగా కుటుంబాన్ని పారిస్‌కి తెచ్చాడు. 1793లో ఆయన చనిపోయేనాటికి పిల్లాడికి ఎనిమిదేళ్లు. తల్లి సొంతూరి వైపు వెళ్లిపోతూ కొడుకుని పారిస్‌లో తన బంధువు ఎమిలాండ్ గోథే దగ్గర వదిలింది. వరసకి ఆయన పిల్లాడికి చిన్నతాత.

ఈ తాత మామూలు మనిషి కాదు. వంతెనలు, రోడ్లు చూసే ప్రభుత్వ ఇంజనీర్ల శాఖలో పెద్ద అధికారి, ఫ్రాన్స్‌లో పేరున్న కాలువ తవ్వించినవాడు. రాయి ఎంత బరువుకి నలుగుతుందో తేల్చడానికి సొంతంగా యంత్రం చేయించి పరీక్షలు చేసినవాడు. ఆ ఇంట్లో వంతెనల నక్షాల మధ్య నేవియర్ పెరిగాడు.

1802లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. సీట్ల జాబితాలో ఆయన పేరు అట్టడుగున ఎక్కడో ఉంది. ఏడాది తిరిగేసరికి మాత్రం మొదటి పదిమందిలోకి వచ్చాడు. ర్యాంకు చూసుకుని దిగులుపడే మనలాంటివాళ్లకి ఈ ముక్క నచ్చుతుంది. అక్కడ పాఠం చెప్పినవాళ్లలో ఫోరియర్ ఉన్నాడు. మన ఎం-త్రీలోని ఫోరియర్ సిరీస్ ఆయనదే. తర్వాత కూడా ఇద్దరి స్నేహం నిలిచింది. 1804లో వంతెనలు, రోడ్ల ఇంజనీరింగ్ స్కూల్లో చేరి 1806లో బయటికొచ్చాడు.

అదే ఏడాది గోథే చనిపోయాడు. వంతెనల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం రాతప్రతిగానే మిగిలింది. దాన్ని అచ్చుకి సిద్ధం చేసే పని 21 ఏళ్ల నేవియర్ మీద పడింది. మొదటి సంపుటం 1809లో, రెండోది 1813లో వచ్చాయి. నేవియర్ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేయించి ఊరుకోలేదు. తాత అనుభవంతో రాసిన చోటల్లా, దాని వెనక లెక్క ఏమిటో తన నోట్స్‌గా కలుపుతూ పోయాడు. కాళిదాసు కావ్యాలకి మన మెదక్ వైపు కొలిచాల మల్లినాథసూరి వ్యాఖ్యానం రాసినట్టు అనుకోండి. దూలాల లెక్కలోకి నేవియర్ దిగింది ఈ నోట్స్ దారిలోనే.

రెండు వాగులు

అప్పటికే దూలం గురించి చాలామంది ఆలోచించారు. గృహనిర్బంధంలో ఉన్న గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో గోడలోంచి బయటికొచ్చిన దూలం, అంటే మన కాంటిలీవర్, ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టాడు. దూలం కింది అంచు మీద తిరుగుతుందనీ, పోగులన్నీ ఒకే బలంతో లాగబడతాయనీ అనుకున్నాడు. నలుచదరపు దూలానికి ఇప్పుడు మనం వేసే లెక్కతో పోలిస్తే ఆయన లెక్క మూడు రెట్లు ఎక్కువ చెప్తుంది. అంటే నూరు కిలోలు మోసే దూలం మూడు వందలు మోస్తుందని నమ్మాల్సి వస్తుంది.

ఆ తర్వాత పని రెండు పాయలుగా సాగింది. ఒక పాయ వంపుది. జాకబ్ బెర్నౌలీ, ఆయన తర్వాత 1744లో ఆయిలర్, వంగిన కడ్డీ ఏ ఆకారంలో ఉంటుందో గణితంలో చెప్పారు. మొమెంట్ ఎక్కువున్న చోట వంపు ఎక్కువ, ఆర్ తక్కువ. కానీ లోపలి పోగుల్లో ఏం జరుగుతుందన్నది వాళ్ల దగ్గర సరిగ్గా తేలలేదు. రెండో పాయ బలానిది. పేరెంట్, కూలంబ్ లాంటివాళ్లు దూలం అడ్డుకోత తీసుకుని, పైపోగులు నొక్కుకుంటాయి, కిందిపోగులు సాగుతాయి, ఈ రెండూ సరితూగాలి అని పట్టుకున్నారు. కూలంబ్ ఈ మాట 1773లోనే చెప్పాడు. చాలామంది ఇంజనీర్లు పట్టించుకోలేదు.

మన మూలవాగు వెళ్లి మానేరులో కలిసినట్టు ఈ రెండు పాయలూ ఒకచోట కలవాలి. వాటిని కలిపింది నేవియర్.

దిద్దుకున్న గీత

1819లో ఆయన తాను చదువుకున్న స్కూల్లోనే మెకానిక్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మొదటి పాఠాల్లో న్యూట్రల్ యాక్సిస్ చోటు తప్పుగా ఉంది. సాగే పోగుల మొమెంటూ, నొక్కుకునే పోగుల మొమెంటూ సమానం అయ్యే చోట ఆ గీత ఉంటుందనుకున్నాడు. చూడటానికి సబబుగానే ఉంటుంది. అసలు సమానం కావాల్సింది మొమెంట్లు కాదు, బలాలు. దూలాన్ని నిలువునా కోసి చూస్తే లాగే బలం, నొక్కే బలం కొట్టుకుపోయి సున్నా కావాలి. అలా పెడితే న్యూట్రల్ యాక్సిస్ సరిగ్గా సెంట్రాయిడ్ గుండా పోతుంది.

నలుచదరపు దూలానికి రెండు దారుల్లోనూ గీత మధ్యలోనే వస్తుంది కాబట్టి తేడా బయటపడదు. టీ ఆకారం లాంటి దూలాల దగ్గర గీత పక్కకి జరిగి లెక్క దారి తప్పుతుంది. 1826లో పాఠాలు పుస్తకంగా అచ్చయ్యేసరికి నేవియర్ దాన్ని దిద్దాడు. నాలుగేళ్లో ఐదేళ్లో తరగతిలో చెప్పిన దాన్ని మార్చి చెప్పడం ఏ పంతులికైనా అంత తేలిక కాదు.

గీత సరైన చోటికి రాగానే మిగతాదంతా ఒకదానికొకటి అతుక్కుంది. దూలం వంగినప్పుడు అడ్డుకోతలు చదునుగానే ఉండి కొంచెం వాలతాయి. కాబట్టి న్యూట్రల్ యాక్సిస్ నుంచి వై దూరంలో ఉన్న పోగు వై బై ఆర్ వంతు సాగుతుంది. దాన్ని ఈ తో గుణిస్తే స్ట్రెస్. ఆ స్ట్రెస్‌లన్నిటి మొమెంట్లు కూడితే ఎం. మన లైనులో మధ్యనున్న సిగ్మా లోపలి సంగతి, చివరనున్న ఆర్ బయటి వంపు సంగతి. రెండూ ఒకే వాక్యంలోకి వచ్చాయి. ఈ అనే యంగ్ మాడ్యులస్‌ని మనం ఇప్పుడు వాడే అర్థంలో స్థిరపరిచింది కూడా ఈ పుస్తకమే.

ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. రెండు చివర్లా ఆనించి, మధ్యలో బరువు పెట్టిన దూలానికి డిఫ్లెక్షన్ పీ ఎల్ క్యూబ్ బై 48 ఈ ఐ. మొమెంట్ పీ ఎల్ బై 4. రెండింట్లోంచి పీ ని తీసేస్తే, మందానికి సరిగ్గా మధ్యలో న్యూట్రల్ యాక్సిస్ ఉన్న దూలానికి ఇలా వస్తుంది: స్ట్రెస్ అంటే 6 ఇంటూ ఈ ఇంటూ మందం ఇంటూ డిఫ్లెక్షన్, బై స్పాన్ స్క్వేర్. బరువెంతో తెలియకపోయినా వంపు కొలిచి స్ట్రెస్ చెప్పొచ్చన్నమాట.

ఒక మిల్లీమీటరు మందమున్న స్టీలు స్కేలు తీసుకోండి. 300 మిల్లీమీటర్ల స్పాన్‌లో మధ్యలో 10 మిల్లీమీటర్లు వంచితే స్ట్రెస్ సుమారు 133 మెగాపాస్కల్స్. వదిలేస్తే మళ్లీ నిటారుగా నిలుస్తుంది. అదే స్పాన్‌లో 20 మిల్లీమీటర్ల మందమున్న పట్టీని అంతే వంచుదామంటే లెక్కకి 2,667 వస్తుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గరే లొంగిపోతుంది. అంటే ఆ పట్టీ నిండా ఒక మిల్లీమీటరు వంగకముందే మళ్లీ సరికాని వంపు తిరుగుతుంది. ఒకే వంపుకి మందమైనదానికే ఎక్కువ స్ట్రెస్. కావడిబద్ద ఎందుకు బతికిపోతుందో, రాతి దూలం ఎందుకు చెప్పకుండా పగులుతుందో ఇక్కడ తెలుస్తుంది. కావడి వెదురు సన్నం, ఈ కూడా తక్కువ. రాయి మందం, ఈ ఎక్కువ, పైగా లాగితే ఓర్చుకునే శక్తి చాలా తక్కువ. పునాది ఒకవైపు కుంగి దూలానికి బలవంతపు వంపు వచ్చినప్పుడు, బలంగా ఉండాలని వేసిన లోతైన దూలమే ముందు బీటలివ్వొచ్చు.

ఇంకో పని కూడా చేశాడు నేవియర్. మూడు స్తంభాల మీద ఒకే దూలం వేస్తే ఏ స్తంభం ఎంత మోస్తుందో బలాల లెక్క ఒక్కటీ చెప్పలేదు. తెలియనివి మూడు, ఈక్వేషన్లు రెండే. మధ్య స్తంభం దగ్గర డిఫ్లెక్షన్ సున్నా అన్న సంగతిని మూడో ఈక్వేషన్‌గా వాడుకోవాలని చూపించాడు. ఇండిటర్మినేట్ స్ట్రక్చర్స్ అని మనం థర్డ్ ఇయర్‌లో తిట్టుకునే సబ్జెక్టుకి ఇదే తొలి మెట్టు. అంటే, స్ట్రెస్ తెలియాలంటే వంపునే అడగాల్సిన సందర్భాలు ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు ఆయన అడిగిన ప్రశ్నలో ఉంది. ఆయనకి ముందువాళ్లు దూలం ఎప్పుడు విరుగుతుందని అడిగేవాళ్లు. విరిగే బరువు కనుక్కుని దాన్ని ఏ నాలుగుతోనో ఐదుతోనో భాగించేవాళ్లు. నేవియర్ రోజూ మోసే బరువు కింద దూలం లోపల స్ట్రెస్ ఎంత, బరువు తీసేస్తే మళ్లీ మామూలుగా నిలబడుతుందా అని అడిగాడు. మనం వర్కింగ్ స్ట్రెస్ మెథడ్ అని చదివేదానికి మూలం అక్కడుంది.

సీన్ నది మీద

నేవియర్ బోర్డు దగ్గరే ఉండిపోయిన మనిషి కాదు. పారిస్ చుట్టుపక్కల షువాజీ, ఆనియేర్, అర్జాంతోయ్ దగ్గర వంతెనల పనులు చూశాడు. 1821లో, మళ్లీ 1823లో ప్రభుత్వం ఆయన్ని బ్రిటన్ పంపింది. అక్కడ ఇనుప గొలుసులతో వేలాడే వంతెనలు కడుతున్నారు. తిరిగొచ్చి 1823లో రాసిన నివేదిక సస్పెన్షన్ వంతెనల లెక్కకి చాలాకాలం ఆధారంగా నిలిచింది. 1824లో ఫ్రెంచి సైన్స్ అకాడమీ సభ్యుడయ్యాడు.

ఆ ధైర్యంతోనే పారిస్ నడిబొడ్డున, ఇన్వాలిడ్స్ ఎదురుగా, సీన్ నది మీద మధ్యలో ఒక్క స్తంభం కూడా లేని వేలాడే వంతెన మొదలైంది. 1826 నాటికి దాదాపు పూర్తయింది. ఆయన పాఠాల పుస్తకం వచ్చిన ఏడాదే అది. గొలుసులు గట్టున నేలలోకి వంగి దిగే చోట వాటిని పట్టి ఉంచే రాతికట్టడం కొంచెం కదిలి బీటలు వేసింది. దానికి తోడు ఆ సెప్టెంబరులో దగ్గర్లోని నీటి పైపు పగిలి, నీళ్లు కట్టడం చుట్టూ మట్టిలోకి చేరాయి. కదలిక ఇంకా పెరిగింది.

బాగుచేయొచ్చని ఇంజనీర్లు అన్నారు. వంతెన అంటే మొదట్నుంచీ ఇష్టం లేని నగర పాలకులు ఒప్పుకోలేదు. ఒక్క బండి కూడా దాటకముందే వంతెనని విప్పేశారు. గణితం తెలిసినవాడికి కట్టడం రాదన్న ఎగతాళి నేవియర్ మీద పడింది.

తెగింది గొలుసు కాదు, వంగింది దూలం కాదు. ఆయన ఎక్కువ శ్రద్ధగా లెక్కగట్టిన భాగాలు నిలబడ్డాయి. లొంగింది నేల, నేలని పట్టుకున్న కట్టడం. అక్కడ గొలుసు మలుపు తిరిగి నెట్టే బలాన్ని తట్టుకునేంత గట్టితనం లేదు. ఫార్ములా ఎంత నిజమైనా, ఆ దూలం ఆనుకున్న చోటు కదలదు అన్న షరతు మీదే నిజం. మనం బొమ్మ గీసినప్పుడు చివర్న చిన్న త్రికోణం వేసి సపోర్ట్ అని రాసేస్తాం. ఆ త్రికోణమే ఆయన్ని దెబ్బ తీసింది.

తర్వాత

నేవియర్ ఆ తర్వాత పదేళ్లు బతికాడు. పాఠాలు మానలేదు. 1830లో కాషీ ఫ్రాన్స్ వదిలి వెళ్లిపోయాక ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆ స్థానం నేవియర్‌కి వచ్చింది. ఒకప్పుడు అట్టడుగు ర్యాంకుతో చేరిన కాలేజీలోనే ప్రొఫెసర్ అయ్యాడు. రోడ్లు, రైలుమార్గాల మీద ప్రభుత్వానికి సలహాలిచ్చాడు. 1836 ఆగస్టు 21న పారిస్‌లో చనిపోయాడు.

ఆయన పాఠాలు విన్న తరంలో సెయింట్ వెనాంట్ ఒకడు. మనం టోర్షన్ చదివేటప్పుడు వచ్చే పేరే. ఆయన 1864లో నేవియర్ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించాడు. ఎక్కడ అడ్డుకోతలు చదునుగా ఉండవు, షియర్ వల్ల ఏమవుతుంది, ఎవరు ముందు ఏం కనిపెట్టారు, ఇవన్నీ నోట్స్‌గా రాసుకుంటూ పోయాడు. అసలు పుస్తకం కంటే నోట్సే ఎన్నో రెట్లు పెద్దవయ్యాయి. తాత పుస్తకానికి మనవడు రాసిన నోట్స్‌తో మొదలైన పని, ఆ మనవడి పుస్తకానికి శిష్యుడు రాసిన నోట్స్‌తో ముందుకు సాగింది.

1889లో ఈఫిల్ టవర్ కట్టినప్పుడు మొదటి అంతస్తు కింద చుట్టూ 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లు వేశారు. అందులో నేవియర్ పేరుంది. వంతెన పోగొట్టుకున్న ఊళ్లోనే, అదే సీన్ నది గట్టున, ప్రతి ఇనుప కడ్డీనీ స్ట్రెస్ లెక్కగట్టి బిగించిన కట్టడం మీద.

ఈసారి ఎం బై ఐ రాసేటప్పుడు పక్కన కొంచెం ఖాళీ వదలండి. అడ్డుకోత చదునుగా ఉందా, బరువు ఎలాస్టిక్ హద్దులోనే ఉందా, సపోర్ట్ కదలకుండా ఉందా అని మూడు ముక్కలు రాసుకోండి. లెక్కకి మార్కులు ఎలాగూ వస్తాయి. రేపు సైటులో నిలబడి పైకప్పు వంపు చూసినప్పుడు పనికొచ్చేవి ఆ మూడు ముక్కలే.